హెస్టర్ తుడిచిన ఎర్ర పెట్టె

కెల్‌బెక్ ఊళ్లో చర్చి గోడకీ, డాట్ కొట్టుకీ మధ్య ఒక ఎర్ర టెలిఫోన్ పెట్టె ఉంది. మనిషి లోపలికి వెళ్ళి తలుపు మూసుకుని మాట్లాడే ఇనుప పెట్టె. మూడు పక్కలా చిన్న చిన్న గాజు పలకలు, నెత్తిన కిరీటం బొమ్మ. ఊళ్లో వాళ్ళు దాన్ని హెస్టర్ పెట్టె అంటారు.

ఎందుకంటే ఆదివారం సాయంత్రం అయ్యేసరికి హెస్టర్ మెట్కాఫ్ ఒక చేత్తో బాల్చీ, ఇంకో చేత్తో పాత గుడ్డలు పట్టుకుని కొండ మీది పొలం నుంచి దిగి వచ్చేది. ఆ గాజు పలకలన్నీ ఒక్కొక్కటే తుడిచేది. మంచు పడనీ, వాన కురవనీ, మానేది కాదు.

"వాన దానంతట అదే కడుగుతోందిగా, నువ్వెందుకే మధ్యలో?" అని కొట్టు గుమ్మంలో నిలబడి డాట్ వేళాకోళం చేసేది. డాటూ హెస్టరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు.

"వాన మరకలు పెట్టిపోతుంది. తెలీకపోతే ఊరుకో" అనేది హెస్టర్.

ఇంటి దగ్గర భర్త వాల్టర్ కూడా దెప్పేవాడు. "మనింటి కిటికీలకి పట్టని భాగ్యం ఆ ఇనప్పెట్టెకి పట్టింది" అని బాల్చీ వైపు చూసి, పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. అతను అలా వెళ్ళడమే హెస్టర్‌కి కావలసింది.

ఆమె అన్నేళ్ళూ కొండ దిగి వచ్చింది అద్దాల కోసం కాదు, లినెట్ కోసం.

లినెట్ ఆమెకి ఒక్కతే కూతురు. పంతొమ్మిదో ఏట, ఆకులు రాలే రోజుల్లో, గొర్రెల సంతకి వచ్చిన రంగులరాట్నం వాళ్ళతో వెళ్ళిపోయింది. వాళ్ళలో ఒకడి మీద మనసు పడింది. అతనికి అప్పటికే పెళ్ళాం ఉంది. వాల్టర్ చర్చిలో కానుకల పళ్ళెం పట్టే మనిషి. అతను అరవలేదు, వెతకడానికి వెళ్ళలేదు. గొర్రెలకి మేత వేసి వచ్చి, భోజనాల బల్ల దగ్గరున్న లినెట్ కుర్చీ తీసుకెళ్ళి కొట్టంలో పడేశాడు. కొన్నాళ్ళకి ఇంట్లో ఫోను మోగితే అతనే తీశాడు. అటు నుంచి వచ్చిన మాట విన్నాడు. "ఇంకెప్పుడూ ఈ ఇంటికి చెయ్యకు" అని పెట్టేసి, వచ్చి కూర్చున్నాడు. హెస్టర్ అతని కప్పులో టీ పోసింది. చుక్క కూడా బల్ల మీద ఒలకలేదు. తర్వాత ఎన్నేళ్ళకి ఆ రోజు తలుచుకున్నా, తాను టీ పోసిన సంగతే ఆమెకి ముందు గుర్తొచ్చేది.

ఆ నెలలోనే పక్క ఊరి సంతకి వెళ్ళి, అక్కడ ఆడుతున్న వేరే రంగులరాట్నం వాళ్ళలో ఒకావిడ చెవిలో ఎర్ర పెట్టె నంబరు వేసి వచ్చింది. ఆదివారం ఆరింటికి చెయ్యమను, నేనక్కడ ఉంటాను, అని కబురు పెట్టింది.

ప్రతి ఆదివారమూ మోగేది కాదు. నెలకోసారి, ఒక్కోసారి మూడు నెలలకోసారి. మోగినప్పుడు హెస్టర్ చేతిలోని గుడ్డ బాల్చీలో పడేసి, తడి చేతుల్తోనే తీసేది.

"అమ్మా?"

"నేనేనే. ఎక్కడున్నావు?"

"సముద్రం పక్కన. పేరు చెప్తే నీకేం తెలుస్తుంది? గాలి చూడు, డేరాలెగిరిపోతున్నాయి."

"స్వెటర్ వేసుకున్నావా?"

"వేసుకున్నానమ్మా. నాకు ముప్పయ్యేళ్ళు."

"ముప్పయ్యేళ్ళ వాళ్ళకి చలెయ్యదా?"

అవతల లినెట్ నవ్వేది. నాణేలు గలగలమని పడేవి. గొర్రెలు ఎన్ని ఈనాయో హెస్టర్ చెప్పేది, ఏ ఊళ్లో జనం బాగా వచ్చారో లినెట్ చెప్పేది. వెనకాల రంగులరాట్నం పాటల మిషను మోగుతూ ఉండేది. ఆ కుర్రాడు ఎప్పుడో వదిలేసి పోయాడని, లినెట్ ఇప్పుడు డేరాలో టిక్కెట్లు కోస్తోందని, అలా ముక్కలు ముక్కలుగానే తెలిసింది. నీకు ఫోన్ చెయ్యడానికి నంబరేదైనా ఇవ్వవే అంటే, "నేను ఒకచోట ఉంటే కదా. నేనే చేస్తాలే" అనేది. పెట్టేసే ముందు మాత్రం ఒక ప్రశ్న ఎప్పుడూ అడిగేది.

"నాన్న అడుగుతాడా నా గురించి?"

"అడుగుతాడు" అనేది హెస్టర్.

వాల్టర్ ఒక్కనాడూ అడగలేదు.

అతను ముసలివాడయ్యాడు, మంచం పట్టాడు, ఒక ఫిబ్రవరిలో పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఫోనులో హెస్టర్ ఆ సంగతి చెప్పింది. అవతల పాటల మిషను కూడా లేదు ఆ రోజు. లినెట్ అడిగింది, "పోయే ముందు నన్నడిగాడా?"

"అడిగాడే."

"ఏమని?"

అన్నేళ్ళూ హెస్టర్ చెప్పిన అబద్ధం ఒక్క మాటది. దాని వెనక ఇంకో మాట ఆమె ఎప్పుడూ తయారు చేసుకోలేదు. "ఎలా ఉందని" అంది చివరికి.

"నువ్వు నాతో ఎప్పుడూ ఇలాగే అబద్ధం చెప్పావు కదమ్మా" అంది లినెట్. ఆ గొంతులో కోపం కూడా లేదు. "ఇప్పుడిక ఇంటికే చెయ్యవే, ఎవరూ ఏమీ అనరు" అని హెస్టర్ అంటూండగానే ఫోను ఆగిపోయింది.

లినెట్ ఇంటికి చెయ్యలేదు. ఎర్ర పెట్టెకీ చెయ్యలేదు. ఆ ఏడే హెస్టర్ పొలమూ ఇల్లూ అమ్మేసి చర్చి వెనక చిన్న ఇంట్లోకి మారింది. ఇంటి నంబరు మారిపోయింది. కూతురి దగ్గర మిగిలిన నంబరు ఎర్ర పెట్టెది ఒక్కటే. రెండు చలికాలాలు గడిచాయి. హెస్టర్ ఆదివారం ఆదివారం గుడ్డ పట్టుకుని వెళుతూనే ఉంది. ఇప్పుడు దెప్పడానికి వాల్టర్ లేకపోయినా, బాల్చీ లేకుండా వెళ్ళడం ఆమెకి చేతకాలేదు.

అలాంటప్పుడు ఒకరోజు ఆ గాజుకి కాగితం అంటించి ఉంది. ఈ ఫోను ఎవరూ వాడడం లేదు గనక పెట్టెతో సహా తీసేస్తామని ఫోను కంపెనీ వాళ్ళు రాశారు.

ఊరి హాల్లో మీటింగు పెట్టారు. ఎప్పుడూ వెనక వరసలో అల్లుకుంటూ కూర్చునే హెస్టర్ లేచి నిలబడింది. ఊలు ఉండ దొర్లుకుంటూ ముందు వరస దాకా పోయింది.

"ఆ పెట్టె పోవడానికి వీల్లేదు" అంది.

"ఎందుకమ్మా?" అని ఎవరో మర్యాదగానే అడిగారు.

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఆ ఊళ్లో కడుపులో మాట నలుగురిలో చెప్పుకున్నవాళ్ళని ఆమె ఎరగదు. చావుకి వెళ్ళినా వాతావరణం గురించి మాట్లాడి, కేకు ఇచ్చి వచ్చే ఊరది.

"ఎప్పట్నుంచో ఉంది కదా" అని కూర్చుంది.

ఆ మాట జూలియన్ ప్రివెట్‌కి చాలింది. లండన్లో భవనాలకి నక్షలు గీసి రిటైరై, రెండేళ్ళ కిందట ఆ ఊరొచ్చిన మనిషి. చేతులు ఊపుతూ మాట్లాడతాడు, నాలుగు గొర్రెల్ని కొని నాలుగింటికీ పేర్లు పెట్టాడు. ఆ పెట్టె పాతకాలపు చారిత్రక వస్తువనీ, ప్రభుత్వం చేత రక్షిత కట్టడంగా రాయిస్తే దాన్ని ఎవరూ ముట్టుకోలేరనీ చెప్పాడు. తనే పరుగులు పెట్టాడు. ఊళ్లో అందరూ సంతకాలు పెట్టారు. డాట్ కొట్టుకి వచ్చినవాళ్ళకి సంతకం పెడితేగాని చిల్లర ఇవ్వనంది.

వేసవిలో కబురొచ్చింది. ఎర్ర పెట్టె ఇక రక్షిత కట్టడం. ఆ రాత్రి హెస్టర్ చాలాకాలానికి కంటినిండా నిద్రపోయింది.

ఊరి హాల్లో టీ పార్టీ అన్నారు, అదీ ఆదివారం సాయంత్రమే. పార్టీ హెస్టర్ కోసమే గనక ఆమె రాకపోతే బాగుండదు. ఆరింటికి ఒక్క పది నిమిషాలు బయటికి జారుకుందామనుకుంది. కానీ ఆరు కొట్టే వేళకి ఆమెని కేకు ముందు నిలబెట్టి, చేతికి కత్తి ఇచ్చి, చుట్టూ చేరారు. పెట్టె ఆకారంలో ఎర్రటి పంచదార పూసిన పండ్ల కేకు. పక్కన పళ్ళెంలో చీజ్ ముక్కలు. ఆమె గడియారం వైపు చూసింది. ఇన్నాళ్ళూ మోగనిది ఇవాళే మోగుతుందా అని మనసుకి చెప్పుకుంది.

పెట్టెకి రంగు జెండాలు కట్టడానికి వెళ్ళిన జూలియన్ అప్పుడు నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు.

"హెస్టర్ గారూ, మీరిది వినాలి! నేను జెండాలు కడుతుంటే ఫోను మోగిందండీ. నిజంగా మోగింది! తీస్తే ఎవరో ఆడమనిషి, 'అమ్మా' అంది. అమ్మని కాదు తల్లీ, మీరు ఫోన్ చేసింది ఒక రక్షిత కట్టడానికి అన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డాట్ మాత్రం నవ్వలేదు. ఆ సంగతి హెస్టర్ తర్వాతెప్పుడో గుర్తు చేసుకుంది.

"తర్వాత?" అంది హెస్టర్.

"ఆ తర్వాత, ఆదివారాలు పెట్టె తుడిచే ఆవిడ ఇప్పుడు రావడం లేదా అని అడిగింది. మీ కీర్తి ఎక్కడి దాకా పాకిందో చూడండి! రాకేం, ఇవాళ ఆవిడకే పార్టీ, కేకు కోస్తున్నారు అని చెప్పాను. అయితే ఆవిడని పిలవొద్దు, కేకు తిననివ్వండి, వచ్చే ఆదివారం చేస్తానని చెప్పండి అంది. ఎవరండీ ఆవిడ?"

"వెనకాల ఏదైనా వినబడిందా?"

"వెనకాలా? ఆ, ఏదో పాట. పిల్లల తిరునాళ్ళలో వస్తుందే, అలాంటిది."

హెస్టర్ కత్తి గట్టిగా పట్టుకుంది. బతికే ఉంది. అబద్ధానికి అలిగిన పిల్ల అలక తీరి చేసింది. వచ్చే ఆదివారం చేస్తానంది. ఇవాళ పరుగెత్తినా లాభం లేదు గానీ, ఏడు రోజులు ఎంతసేపు? ఈసారి అబద్ధం చెప్పను. మీ నాన్న అడగలేదే, నేనే రోజూ అడిగాను, గోడల్ని అడిగాను, గొర్రెల్ని అడిగాను అని చెప్తాను. ఆమె కేకు కోసింది. చిన్నపిల్లలా పెద్ద పెద్ద ముక్కలు కోసింది.

అప్పుడు జూలియన్ కప్పు మీద చెంచాతో కొట్టి అందరినీ ఊరుకోమన్నాడు. పెట్టెని కాపాడింది హెస్టర్ మెట్కాఫ్ అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంకో శుభవార్త. కంపెనీ వాళ్ళు ఈ గురువారం వచ్చి లోపలున్న ఆ పాత ఫోను తీసుకుపోతున్నారు. ఊరి కమిటీ కూడా సరేనంది. ఆ చోట అరలు కట్టి పుస్తకాలు పెడదాం. గుండె ఆగినప్పుడు కొట్టుకునేలా చేసే మిషను కూడా పెడదాం. పెట్టె మాత్రం ఇక ఎప్పటికీ మనదే!"

మళ్ళీ చప్పట్లు. హెస్టర్ చేతిలో పళ్ళెం ఉంది. దాన్ని పక్కావిడకి అందించింది. "చీజ్ తీసుకోండి" అంది.

మర్నాడు పొద్దున్నే జూలియన్ ఇంటికి వెళ్ళింది.

"ఆ ఫోను ఇంకో వారం ఉంచలేరా?"

"ఫోనా? ఎందుకండీ? రక్షణ పెట్టెకే గానీ లోపలి ఫోనుకి ఉండదు కదా. మనం కాపాడాల్సింది పెట్టెని. కాపాడేశాం."

"నేను ఫోను కూడా అనుకున్నాను."

"అయ్యో, మీరు వాడుతుంటారా?"

"ఆదివారాలు."

"మీ ఇంట్లో ఫోనుందిగా? పాడైందా? మా ఇంటికి రండి, ఎప్పుడైనా సరే, ఎంతసేపైనా సరే మాట్లాడుకోండి." అతను నిజంగానే అంటున్నాడు. నిన్నటి ఫోను అతనికి ఒక తమాషాగానే మిగిలిపోయింది. ఆమె ఎదురుగానే కంపెనీకి ఫోన్ చేసి అడిగాడు. అక్కడెవరో, రోజు ఖాయమైపోయింది, మార్చడం కుదరదన్నారు. "పోనీలెండి" అన్నాడు. "టీ తాగుతారా?"

నా కూతురు చేస్తుంది, అనే మూడు మాటలు చెబితే ఆ మనిషి కంపెనీ గుమ్మం ముందు పడుకునైనా ఆపేవాడేమో. అతనికి అలాంటి ఆవేశం ఉంది. కానీ ఆ మూడు మాటలు అంటే ముప్పయ్యేళ్ళు చెప్పాలి. కుర్చీ కొట్టంలో పెట్టిన సంగతి చెప్పాలి, టీ పోసిన సంగతి చెప్పాలి. హెస్టర్ టీ తాగింది. అతని గొర్రెలు బాగున్నాయని చెప్పి వచ్చేసింది.

గురువారం వాన. కంపెనీ మనిషి వ్యాను దిగేసరికి హెస్టర్ పెట్టె దగ్గరే ఉంది. యాభై దాటిన బొద్దు మనిషి, మెడలో తడి కండువా. ఎరగని మనిషి గనకో, మళ్ళీ కనబడడు గనకో, ఆమె అతనికి చెప్పింది. వానలో నిలబడి అంతా చెప్పింది. కూతురు, రంగులరాట్నం, ఆదివారాలు. అతను పనిముట్ల సంచీ కింద పెట్టి విన్నాడు.

"లైను పొద్దున్నే మా ఆఫీసులోనే కోసేశారమ్మా" అన్నాడు. "నేను తీసినా తియ్యకపోయినా అది మోగదు."

"ఎవరైనా చేస్తే ఏం వినబడుతుంది?"

"ఈ నంబరు లేదని వినబడుతుంది."

"ఆవిడ వేరే ఇంటికి మారింది అని చెప్పించలేరా? నా నంబరు ఇస్తాను."

అతను తల అడ్డంగా ఊపాడు. "ముందే అడిగుంటే ఎవరైనా ఏదో దారి చూసేవారేమో. అసలు మీ ఊరి కమిటీ వద్దంటే ఫోనే ఉండిపోయేదమ్మా. ఊరు గట్టిగా వద్దంటే మావాళ్ళు లాగెయ్యరు. మీవాళ్ళే నిరభ్యంతరంగా తీసుకెళ్ళమన్నారు. మీరు వాళ్ళకి చెప్పలేదా?"

"లేదు."

"అయ్యో" అన్నాడతను. పని మొదలుపెట్టాడు. ఫోను ఊడొచ్చాక గోడ మీద దాని ఆకారంలో రంగు వెలవని చోటు ఒకటి మిగిలింది. పోతూ పోతూ, నంబరు రాసిన చిన్న అట్టముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కోటు జేబులో పెట్టుకుంది. ఆ నంబరు ఆమెకి ఎప్పుడూ చూడకుండానే వచ్చు.

ఆదివారం వచ్చింది. హెస్టర్ బాల్చీ నింపుకుని వెళ్ళింది. జెండాలు ఇంకా వేలాడుతున్నాయి, వానకి రంగు దిగి ఎర్ర ఇనుము మీద చారలు కట్టాయి. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కింది వరస పలకల నుంచి మొదలుపెట్టింది. చర్చి గడియారం ఆరు కొట్టింది. ఎక్కడో ఒక ఊళ్లో, డేరా పక్కన నిలబడి, లినెట్ ఇప్పుడు నంబరు నొక్కుతూ ఉంటుంది. ఈ నంబరు లేదని వింటుంది. తప్పు నొక్కానేమోనని మళ్ళీ నొక్కుతుంది. ఆ తర్వాత ఏమనుకుంటుంది? హెస్టర్ చెయ్యి ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. డాట్. ఏప్రన్ కూడా విప్పకుండా కొట్లోంచి వచ్చింది.

"హెస్టర్, మొన్న ఫోన్ చేసింది లినెటే కదూ?"

ఆ పేరు ఊళ్లో ఒకరి నోట విని ముప్పయ్యేళ్ళు దాటింది. హెస్టర్ గుడ్డ పిండింది. మళ్ళీ పిండింది.

"నీకెలా తెలుసు?"

"నాకేంటే, అందరికీ తెలుసు. నా కొట్టు ఎదురుగా నిలబడి ఏడ్చేదానివి, నవ్వేదానివి. అద్దాలు తుడిచేవాళ్ళు అలా నవ్వుతారా? వాల్టర్ చెవిన పడకూడదని ఊరంతా నోరు కుట్టేసుకున్నాం. ఆదివారం ఆరింటికి ఎవరైనా ఫోన్ చేసుకోవడానికొస్తే నేనే తోలేసేదాన్ని, పాడైందని చెప్పి."

"మరి తెలిసుండి ఫోనెందుకు పోనిచ్చారే?"

డాట్ మొహం కందిపోయింది. "వాల్టర్ పోయాడు కదే. ఇక దొంగచాటు దేనికి, ఇంటికే చేస్తూంటుంది, హాయిగా మాట్లాడుకుంటున్నారు అనుకున్నాం. ఆవిడకి ఈ పెట్టె మీద మమకారం, ఆ రోజుల జ్ఞాపకం, ఎలాగైనా పెట్టెని నిలబెట్టాలి అని తిరిగాం. నీకోసమే తిరిగామే. ఆ జూలియన్‌కి ఏమీ తెలీదు. ఆ రోజు హాల్లో అతను చెప్పినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. అప్పుడైనా అడగాల్సింది. నీ అంతట నువ్వు చెప్పందే ఎలా అడగను అనుకున్నా."

"నేను చెప్పాల్సింది."

"మేం అడగాల్సింది."

డాట్ తలుపుకి ఆనుకుని నిలబడింది.

"ఆ రంగులరాట్నం వాళ్ళని పట్టుకుందాం" అంది డాట్. "ఎక్కడో అక్కడ ఆడుతుంటారుగా? జూలియన్‌కి చెప్తే వెతికి పెడతాడు, అతనికి పనేముంది?"

"మన సంత ఎత్తేశాక వాళ్ళు ఇటు రావడమే మానేశారు. వాళ్ళ కంపెనీ పేరు కూడా ఎన్నిసార్లో మారిందిట. లినెటే చెప్పింది ఒకసారి." హెస్టర్ గోడ మీద రంగు వెలవని చోటు వైపు చూసింది. "చెప్పు జూలియన్‌కి. వెతకమను. కానీ డాట్, ఇప్పుడు, ఈ నిమిషాన, అది వింటోందే. నంబరు లేదని వింటోంది. నేనే తీసేయించాననుకుంటుంది."

డాట్ "పద, టీ పెడతాను" అనబోయి, ఆ మాట నోట్లోనే ఆపుకుంది. బాల్చీలోంచి ఇంకో గుడ్డ తీసుకుంది. తలుపు వేసి బయటికి వెళ్ళి, హెస్టర్ లోపల తుడుస్తున్న పలకనే బయటి నుంచి తుడవడం మొదలుపెట్టింది. కాసేపటికి లోపలి చెయ్యి కూడా కదిలింది. ఇద్దరూ ఒక పలక తర్వాత ఇంకో పలక తుడుచుకుంటూ పోయారు. వీధి దీపాలు వెలిగేదాకా ఇద్దరిలో ఎవరూ ఇంటికి వెళదామనలేదు.